ఎలిశబెతమ్మ సీసపు చేపలు

"ఏమ్మే, నువ్వే అమ్మి నువ్వే ఎత్తకపోతా ఉండావు, నీకు పిచ్చి పట్టిందా, దొంగబుద్ధి పుట్టిందా?"

1959 ఎండాకాలంలో, మైపాడు దాటి ఇసకలో కొంత దూరం నడిస్తే వచ్చే పాళెంలో, నడివీధిలో నిలబడి పేరమ్మ వేసిన ప్రశ్న ఇది. పేరమ్మ చేపలమ్మే మనిషి. సముద్రం హోరును దాటుకుని వినిపించడానికి అలవాటు పడిన గొంతు ఆమెది. ప్రశ్న వేయించుకున్నది పూసల ఎలిశబెతమ్మ. తలమీది గంప దించకుండానే జవాబిచ్చింది.

"రెండూ కాదక్కా. బుద్ధొచ్చింది."

"ఎవురికి? నీకా, మాకా?"

"నాకే. నీ మనవడి మొలతాడుకున్న చేప ఇచ్చెయ్యి, చాలు."

పేరమ్మ ఇవ్వలేదు. మనవణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. ఏడాదిన్నర పిల్లవాడు వెంకయ్య. వాడు మాత్రం ఈ గొడవ తనకు పట్టనట్టు, మొలతాడును బొడ్డు మీదుగా పైకి లాక్కుని, దానికి వేలాడే సీసపు చేపను నోట్లో పెట్టుకుని నములుతున్నాడు. ఎలిశబెతమ్మ చూపు ఆ నోటి మీదే ఉంది.

సామాన్యుల జీవితాలు రాసేవాళ్లకు ఒక జబ్బుంది. రాయబోయే మనిషిని ముందు శుభ్రంగా కడిగి, దండ వేసి, పటం కట్టి గోడకు కొట్టేస్తారు. ఎలిశబెతమ్మ పటానికి పనికొచ్చే మనిషి కాదు. కొలతలో పిసినారి, మాటలో దుబారా. గాజుపూసలు మూర కొలిచి ఇస్తే ఆ మూర ఆమె చేతి మూర, ఆమె పొట్టి మనిషి. నెల్లూరులో బస్టాండు వెనక పేటలో కాపురం. ఆదివారం ప్రభువు గుడికి వెళ్లేది, సోమవారం పూసలూ గాజుల గంప ఎత్తుకుని ఊళ్లు తిరిగేది. ఈ రెంటికీ మధ్య పెద్ద సంబంధం ఉందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

ఆమె భర్త సమాధానం పోతపని చేసేవాడు. మోటారు బ్యాటరీల్లోంచి తీసిన పాత సీసపు పలకలు తూకానికి కొనుక్కొచ్చి, ఇంట్లోనే బొగ్గుల కుంపటి మీద కరిగించి, వలల అంచుకు కట్టే గుళ్లు పోసేవాడు. గుండు లేకపోతే వల నీళ్లలో దిగదు, పైనే తేలి కొట్టుకుపోతుంది. అందుకని తీరమంతా అతనికి బేరమే. మాట తక్కువ మనిషి. పేరు సమాధానమే గానీ, ఎవరేమడిగినా సమాధానం చెప్పేవాడు కాదు, ఆ పని భార్య చూసుకునేది.

పాళెంలో ఒక ఆచారం ఉంది. ముందు పుట్టిన బిడ్డలు పోయి తర్వాత పుట్టిన బిడ్డ అయితే, తండ్రి వలలోంచి ఒక సీసపు గుండు విప్పి ఆ బిడ్డ మొలతాడుకు కడతారు. బరువు కట్టడం అంటారు. గుండు లేని వల కొట్టుకుపోయినట్టే, బరువు లేని ప్రాణం ఎగిరిపోతుందని లెక్క. అయిదో ఏడు వచ్చాక మేనమామ వచ్చి ఆ తాడు కోసి, గుండును మళ్లీ వలకు కుట్టేస్తాడు. దాన్ని బరువు దించడం అంటారు. ఆ పూట బెల్లమన్నం, చుట్టాలు, కల్లు.

ఎలిశబెతమ్మ ఈ ఆచారాన్ని చూసి నవ్వలేదు, నమ్మనూ లేదు. అందులో బేరం చూసింది. బిడ్డ నడుముకు ఆ మొండి గుండెందుకు, చక్కని చేపను కట్టుకోవచ్చు గదా అనుకుంది. సమాధానం చేత బలపపు రాతిలో అచ్చు చెక్కించింది. బొటనవేలంత చేప. కంటి దగ్గర తాడు దూరే రంధ్రం, ఒంటి మీద పొలుసుల గీతలు, విసనకర్రలా విచ్చుకున్న తోక. పోసిన కొత్తలో వెండిలా మెరిసేది. నెల తిరిగేసరికి బూడిదరంగుకు తిరిగితే, తల్లులు ముగ్గుతో తోమి మళ్లీ మెరిపించేవాళ్లు.

ఆ చేప ఎంతగా అమ్ముడుపోయిందంటే, బిడ్డలను పోగొట్టుకోని ఇళ్లవాళ్లు కూడా కట్టడం మొదలుపెట్టారు. పాళెం దాటి పొలాల ఊళ్లకు పాకింది. అక్కడ దాన్ని బరువు అనలేదు, చేపబిళ్ల అన్నారు. చివరికి నాయుడుపేటలో మాల్యాద్రి అనే ఫ్యాన్సీ అంగడి ఆయన ఒక డబ్బా నిండా కొని పెట్టుకున్నాడు. ఎలిశబెతమ్మ తన రెండేళ్ల కూతురు కరుణాకుమారి మెడలోనూ ఒకటి వేసింది. తాయెత్తు కట్టుకుంటావా అని గుడిలో ఎవరో గొణిగితే, "తాయెత్తు మీకు, మాకిది మా సరుకు" అన్నది.

సీసం మెత్తన. పళ్లొచ్చే పిల్లలకు దాన్ని మించిన వస్తువు లేదు. కొరికితే పంటి గాటు పడుతుంది, పంటికి నొప్పి ఉండదు. "మీ చేప ఇచ్చినాక బిడ్డ ఏడుపే మానేసినాడమ్మే" అని తల్లులు మెచ్చుకునేవాళ్లు. ఎలిశబెతమ్మ ఆ మాటను పక్క ఊళ్లో తన సరుకు గొప్పగా చెప్పుకునేది.

రెండేళ్లు ఇలా గడిచాక కరుణాకుమారి అన్నం మానేసింది. కడుపు పట్టుకుని ముడుచుకుపోయేది. ముఖం పాలిపోయింది. విరేచనం బిగిసిపోయి రోజుల తరబడి ఏడ్చేది. పేటలో తలా ఒక మందు చెప్పారు, తలా ఒక దిష్టి తీశారు, పాస్టరుగారు నూనె రాసి ప్రార్థన చేశారు. ఏదీ పని చేయలేదు. పిల్లను ఎత్తుకుని ఊళ్లో పెద్దాసుపత్రికి పోతే, లేడీ డాక్టరు మొదటే ఒక వింత ప్రశ్న అడిగింది.

"ఈ పాప ఏం నములుతుంది?"

"ఏమీ నమలదు డాక్టరమ్మా. అన్నమే ముట్టదు, అదే గదా జబ్బు."

"అన్నం సంగతి కాదు. ఇంకేం నములుతుంది?"

డాక్టరు పిల్ల పెదవి పైకెత్తి చూపించింది. పంటి చిగురు అంచున, పెన్సిలుతో గీసినట్టు ఒక నల్లని గీత. ఆ తర్వాత మెడలోని తాడు పట్టుకుని చేపను అరచేతిలో వేసుకుంది.

"దీని తోక ఏది?"

తోక లేదు. విసనకర్రలా ఉండాల్సిన చోట అరిగి మొండిగా ఉంది, చుట్టూ చిన్న పంటి గాట్లు. తోక ఎక్కడికి పోయిందో డాక్టరు చెప్పనక్కరలేకుండానే తల్లికి తెలిసింది. సీసం పొట్టలోకి పోతే నెమ్మదిగా రక్తంలో చేరుతుందని, పెద్దవాళ్ల కంటే పసిపిల్లలను పాడు చేస్తుందని, ఇంకా ఆలస్యమైతే మెదడుకు ఎక్కి మూర్ఛలు వచ్చేవని డాక్టరు తిన్నగా చెప్పింది. మద్రాసు నుంచి సూదిమందు తెప్పించింది. పిల్ల బతుకుతుందన్నది. తర్వాత ఈ వస్తువు ఎక్కడ కొన్నావని అడిగింది.

"కొనలేదమ్మా. అమ్మినాను."

"ఎంతమందికి?"

మాట దుబారా చేసే ఎలిశబెతమ్మ ఆ పూట వేళ్లు మడిచి లెక్క పెట్టబోయి, రెండు చేతులూ చాలక ఆపేసిందంటారు. ఇది ఆమె స్వయంగా ఒప్పుకున్నదే కాబట్టి నమ్మవచ్చు.

ఇంటికొచ్చి సంగతి చెబితే సమాధానం కుంపటి ఆర్పేశాడు. బలపపు అచ్చును చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు. ఎంతో ఓపికగా చెక్కిన అచ్చు.

"దీంట్లో చక్కెరపాకం పోస్తే? మిఠాయి చేపలు" అన్నాడు.

"ఇన్నాళ్లూ దాంట్లో ఏం పోసినావో గుర్తుందా?"

సమాధానం అచ్చును గడప మీద పెట్టి సుత్తితో ఒక్కటి వేశాడు. వలగుళ్లు మాత్రం మానలేదు, అది కూడు పెట్టే పని. కాకపోతే ఆ రోజు నుంచి కుంపటిని వంటింట్లోంచి దొడ్డి చివరకు మార్చాడు, సబ్బుతో చేతులు తోమకుండా పిల్లను ముట్టుకోలేదు. ఎలిశబెతమ్మ కాపలా కాసి మరీ తోమించేది.

ఇక అమ్మిన చేపలను వెనక్కి తేవాలి. ఎవరూ ఆమెను అడగలేదు. డాక్టరు చెప్పింది కూడా "తెలిసినవాళ్లకు చెప్పు" అనే. ఊరుకుంటే ఊరుకున్నట్టే, ఏ బిడ్డ జబ్బు పడినా ఆమె పేరు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు, కడుపునొప్పికి ఊళ్లో కారణాలు కొదవా? కానీ గంపలు మోసేవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. ఎవరింట్లో ఏ బిడ్డకు ఏం కట్టారో వాళ్లకు కళ్లకు కట్టినట్టు గుర్తుంటుంది. మరిచిపోవడం వాళ్ల వృత్తిలో లేదు.

ఉదయగిరి నుంచి తేలిక చెక్కతో చేసిన గిలక్కాయలు, చిన్న చెక్క చేపలు తెప్పించింది. చేపబిళ్లకు చెక్క చేప మారకం. పొలాల ఊళ్లలో పని సులువుగానే జరిగింది. అక్కడ చేపబిళ్ల ఒట్టి ముచ్చట, ముచ్చటకు ముచ్చట ఇస్తే చాలు. నాయుడుపేటలో మాల్యాద్రి దగ్గర మాత్రం మాట సాగలేదు. డబ్బాలో మిగిలిన చేపలు తిరిగిమ్మంటే ఆయన ముక్కు మీది కళ్లజోడు సవరించుకున్నాడు.

"విషమంటావా?"

"అవునయ్యా. బిడ్డలు నమిలితే విషం."

"ఎవరూ కొనరంటావా?"

"ఎవరికీ అమ్మబాకండి అంటున్నా."

"ఎవరూ కొనని సరుకును నువ్వు ఇంత ఎండలో వచ్చి అడగతావుండావంటే, దీనికి గిరాకీ పెరిగినట్టుందే" అని మాల్యాద్రి ధర పెంచాడు. ఎలిశబెతమ్మ తిట్టి, బేరమాడి, ఆఖరికి తన సరుకునే తాను అమ్మిన ధర కంటే ఎక్కువకు కొనుక్కుని వచ్చింది. వ్యాపారంలో తనను మించినవాడు దొరికాడని ఆమె కొంత సంతోషపడ్డట్టు కూడా తోస్తుంది.

అన్నింటికంటే ముఖ్యమైన చోటు పాళెం. మొదటి చేపలు అమ్మింది అక్కడే, పిల్లలు రాత్రింబవళ్లు వాటితోనే ఉండేదీ అక్కడే. అందులోనూ వెంకయ్య. వాడికి ముందు పేరమ్మ కూతురికి పుట్టిన ఇద్దరూ పోయారు. అందుకని పేరమ్మ అడిగి మరీ రెండింతల బరువున్న చేపను పోయించుకుంది. వాణ్ణి చూసిన క్షణంలోనే ఎలిశబెతమ్మకు తెలిసింది. కరుణాకుమారిది ఎలా పాలిపోయిందో వాడి ముఖమూ అలాగే ఉంది. వాడు చేపను నోట్లోంచి తీసినప్పుడు చిగురు అంచున సన్నని నల్లగీత కనిపించింది.

అందుకే ఆమె ఆ రోజు ముందు పేరమ్మనే అడిగింది, పేరమ్మ నడివీధిలో ఆ పిచ్చి, దొంగబుద్ధి ప్రశ్న వేసింది. ఎలిశబెతమ్మ డాక్టరు చెప్పిందంతా చెప్పింది. పాళెం ఆడవాళ్లు చుట్టూ చేరి విన్నారు. పిల్లల మీద మాట గనక కొంత భయపడ్డారు కూడా. ఆ భయం పట్టుకుని పని పూర్తి చేసి ఉంటే అయిపోయేది. కానీ ఆమె గంపలోంచి చెక్క చేప తీసి, "దీన్ని కట్టండక్కా, ఎంత నమిలినా ఏం గాదు" అన్నది.

చుట్టూ చేరిన ఆడవాళ్లు ఒకడుగు వెనక్కి వేశారు.

"ఇదేందిమే?" అన్నది పేరమ్మ.

"చెక్క."

"చెక్కను వలకి ఎందుకు కడతారో తెలుసా నీకు?"

తెలుసు. వల పై అంచుకు చెక్క బెండ్లు కడతారు, తేలడానికి. గుండు ముంచుతుంది, బెండు తేలుస్తుంది. వలగుళ్లు అమ్ముకు తినే ఇంటి మనిషికి ఇది తెలియకపోవడమేమిటి? తెలిసీ ఆమెకు తట్టలేదు. బిడ్డ ప్రాణం ఎగిరిపోకుండా కట్టిన బరువును విప్పి, దాని చోట తేలిపోయే బెండును కట్టమని, ఇద్దరు మనవళ్లను పోగొట్టుకున్న ముసలమ్మతో అన్నది.

"నా మనవణ్ణి తేల్చేసే దానికి వచ్చినావా? పో! ఈ వీధిలో మళ్లీ గంప దించితే గంపుండదు, నువ్వూ ఉండవు!"

ఇది చాలదన్నట్టు ఆదివారం గుడిలో పాస్టరు జీవానందం గారు ఒక ప్రసంగం చేశారు. మన సహోదరి ఎలిశబెతు అన్యుల బిడ్డల నడుముల నుంచి తాయెత్తులను తెంపుతున్నది, ఇది ఎంత గొప్ప సాక్ష్యం, అని. గుడిలో అందరూ తలలూపారు. గుడి ఉన్న వీధిలోనే పాళెం ఆడవాళ్లు పొద్దున చేపలమ్ముతారు. రెండు రోజుల్లో కబురు సముద్రపొడ్డుకు చేరింది. ఎలిశబెతమ్మ బరువులు తెంపి బెండ్లు కట్టి పిల్లలను తేలిక చేసి మతంలో కలుపుకోను వచ్చిందట.

ఎలిశబెతమ్మ గంపతోనే పాస్టరుగారి వరండాకు పోయింది.

"అయ్యగారూ, నేను తెంపింది తాయెత్తులని ఎవురు చెప్పినారు?"

"ఏదైనా దేవుని పనే గదమ్మా."

"దేవుని పని గాదయ్యా, నా సరుకు. చెడిపోయిన సరుకు వెనక్కి తెచ్చుకుంటా ఉండా. మీరు దాన్ని సువార్త చేసి కూర్చున్నారు. వీధులన్నీ మూసేసినారు నాకు."

"నీకోసం ప్రార్థన చేస్తానమ్మా."

"చెయ్యండి, వద్దనను. ప్రసంగం మాత్రం మళ్లా చెయ్యబాకండి."

జీవానందం గారు మంచి మనిషే. మంచివాళ్లు చేసిన చెరుపును సరిదిద్దడం చెడ్డవాళ్లు చేసినదాన్ని సరిదిద్దడం కంటే కష్టం, ఎందుకంటే వాళ్లను తిట్టడానికి కూడా వీలుండదు.

కొన్నాళ్లు పాళెం వైపు పోకుండా గడిపింది. కరుణాకుమారి కోలుకుని, ఆస్పత్రి నుంచి వచ్చి, అన్నం కోసం అల్లరి చేసే ఆరోగ్యవంతమైన పిల్లగా మారింది. ఆ పిల్లను చూసినప్పుడల్లా తల్లికి వెంకయ్య నోరు గుర్తొచ్చేది. పోతే తంతారు, పోకపోతే వాడు నములుతూనే ఉంటాడు. ఆఖరుకు ఒకరోజు పొద్దున్నే బస్సెక్కింది. ఈసారి గంప తీసుకుపోలేదు. పేరమ్మ ఇంటికీ పోలేదు. తిన్నగా చిన్నపోలయ్య దగ్గరకు పోయింది.

చిన్నపోలయ్య పాళెం పెద్ద. అలివి వల ఆయనది. ఒడ్డున రెండు జట్లుగా మనుషులు నిలబడి లాగే పెద్ద వల అది, దాని మీద సగం పాళెం బతుకుతుంది. పాతది పాడైపోతే ఆ ఏడు కొత్తది అల్లుతున్నాడు. కమ్మల పందిట్లో కూర్చుని, సీసపు గుండును వల తాడు మీద పెట్టి, పంటితో కొరికి బిగిస్తున్నాడు.

"ఏమ్మే, బెండ్లు తెచ్చినావా?" అన్నాడు తలెత్తకుండా.

"నీకు కావాలంటే తెస్తా పోలయ్యన్నా. నేనొచ్చింది గుళ్ల సంగతి."

"విషమంటావు, అదేగా? నలభై ఏండ్లుగా పంటితో కొరికి బిగిస్తా ఉండా. నాకేమయింది చూడు."

"నోరు తెరువు, చూస్తా."

చిన్నపోలయ్య నోరు తెరిచి నవ్వాడు. ఉన్న పళ్లు మూడు.

"ఎన్ని పళ్లతో మొదలుపెట్టినావన్నా?" అన్నది ఎలిశబెతమ్మ. పందిట్లో వల అల్లుతున్నవాళ్లు పగలబడి నవ్వారు. పళ్లు పోవడానికి సీసమే కారణమని ఏ డాక్టరూ చెప్పలేదు, ఆమె కూడా అనలేదు. ఎవరికి తోచింది వాళ్లు అనుకుంటే అది ఆమె తప్పు కాదు.

నవ్వులు తగ్గాక అసలు మాట ఎత్తింది.

"కొత్త వలకి గుళ్లు సరిపోయినాయా అన్నా?"

"యాడ? సీసం ధర అటక మీద కూర్చుంది. మీ ఆయన దిగిరాడు."

"నీకు కావలసిన దాంట్లో చానా భాగం నీ పాళెంలోనే ఉంది."

"యాడుంది?"

"మొలతాళ్లకి. బరువు దించేటప్పుడు గుండు వలకే గదా పోయేది? అయిదేండ్లకే దించాలని ఎవురు పెట్టినారు?"

"పెద్దోళ్లు పెట్టినారు."

"ఇప్పుడు పెద్దోడివి నువ్వే గదా."

చిన్నపోలయ్య చేతిలోని గుండును కాసేపు తూచాడు. తర్వాత పందిట్లోవాళ్లు అందరూ వినేట్టు, ఎవరో ఎప్పుడో చెప్పిన మాటను గుర్తు చేసుకుంటున్నట్టు అన్నాడు: "ఒక్కో బిడ్డకి ఒక్కో గుండయితే ఆ గుండు తెగితే పోయె. అందరి బరువూ ఒక్క వలకి కుడితే? సముద్రమైనా లాక్కపోగలదా దాన్ని?" ఆచారాలు ఇట్లాగే పుడతాయి. ముందు అవసరం వస్తుంది, వెనకాల శాస్త్రం పరుగెత్తుకుంటూ వస్తుంది. దానికి నాంది పలికినవాడికి సీసం ఉచితంగా దొరుకుతుందన్న చిన్న విషయాన్ని చరిత్ర ఎప్పుడూ రాసుకోదు.

మంచిరోజు చూసి పాళెం పిల్లలందరికీ ఒకేసారి బరువు దించాలని దండోరా వేశారు. మేనమామలు పొరుగు పాళేల నుంచి వచ్చారు. ఇసకలో కొత్త వల పరిచారు. పిల్లలను వరసగా దాని మీద కూర్చోబెట్టి తాళ్లు కోశారు. కొందరు పిల్లలు చేపలకోసం ఏడ్చారు, బెల్లమన్నం చేతికొచ్చేసరికి మానేశారు. సమాధానం పొగ పిల్లల మీదికి రాకుండా దూరంగా కుంపటి పెట్టుకుని, వచ్చిన చేపను వచ్చినట్టే మూకుట్లో పడేసి, కరిగించి గుళ్లు పోస్తున్నాడు. తాను చెక్కిన పొలుసులు తానే కరిగించాడు. ఆ దరిదాపులకు ఒక్క పిల్ల కూడా రాకుండా ఎలిశబెతమ్మ జువ్వ పుచ్చుకుని కాపలా తిరిగింది.

మధ్యలో తల్లులు ఒక పేచీ పెట్టారు. వలలో తమ బిడ్డల సీసం ఉంది గనక పడిన చేపలో బిడ్డలకు వంతు రావాలి. చిన్నపోలయ్య ఇది ఊహించలేదు. కాదంటే తాళ్లు కోయనివ్వరు. తల గోక్కుని, మొదటి లాగుడులో బిడ్డలున్న ప్రతి ఇంటికీ చేటెడు చేపలన్నాడు. ఆడవాళ్లు చేట ఎంత పెద్దదో కూడా అక్కడే తేల్చుకున్నారు.

పేరమ్మ మాత్రం రాలేదు. అంతా అయిపోవస్తోంది, వెంకయ్య చేప ఇంకా వాడి నోట్లోనే ఉంది. అందరి చేపలూ వచ్చి ఆ ఒక్కటీ రాకపోతే ఎలిశబెతమ్మకు ఏమీ వచ్చినట్టు కాదు. జువ్వను సమాధానానికిచ్చి పేరమ్మ వాకిటికి పోయింది. ఆ వాకిట్లో ఎలిశబెతమ్మకు చెంబు చేతికిచ్చేవాళ్లు కాదు, దాహమంటే దోసిట్లో పోసేవాళ్లు. బిడ్డలకు గాజులు తొడగాలంటే మాత్రం బిడ్డను ఆమె ఒళ్లోనే పెట్టేవాళ్లు. మనుషుల మడి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఎవరికీ అంతు చిక్కదు.

పేరమ్మ గడప మీద కూర్చుని ఉంది. మనవడు ఒళ్లో.

"బెండు తెచ్చినావా?"

"లేదక్కా. ఆ పొద్దు బుద్ధి లేక అన్నా. ఏమీ తేలా."

"అందరివీ తీసుకోండి. నేనీను. ఇద్దరు ఎగిరిపోయినారు నాకు. వీడికి బరువు లేకుంటే..." పేరమ్మ గొంతు మొదటిసారి చిన్నదైంది.

ఎలిశబెతమ్మ వాకిట్లో కూర్చుంది. విషమని మళ్లీ చెప్పలేదు, డాక్టరు పేరెత్తలేదు. పేరమ్మను కింది నుంచి పై దాకా ఒకసారి చూసింది. పేరమ్మ చేపల బుట్టలు మోసి మోసి, పెరుగుతూ పోయిన మనిషి. బస్సులో ఇద్దరి చోటు తీసుకుంటుందని కండక్టరుతో జగడమాడిన చరిత్ర ఉంది.

"బరువు లేకుంటే అంటావేందక్కా? వాడికి నువ్వుండావు గదా. నువ్వు చంకనేసుకుని కూర్చుంటే తుఫానొచ్చినా వాడు కదలతాడా? పోలయ్యన్న వలలు అయిదు ముంచొచ్చు నీతో."

పేరమ్మ కళ్లెర్ర చేసింది. పక్కింటి వాకిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వీధి పొడుగునా పాకింది. ఆఖరికి పేరమ్మ పొట్ట కదలడం మొదలైంది, దాంతోపాటు ఒళ్లోని వెంకయ్య కూడా ఊగాడు, వాడూ నవ్వాడు. నవ్వడానికి నోరు తెరిచినప్పుడు చేప జారింది.

"నీ నోట్లో ఇసక పడ" అన్నది పేరమ్మ కళ్లు తుడుచుకుంటూ. వెంటనే బేరానికి దిగింది. "నా మనవడి చేప రెండింతలు పెద్దది. వాడికి రెండు చేటలు."

"పోలయ్యన్నను అడుగు."

"అడిగేదేంది, తీసుకుంటా. ఆ గుండు వల చివర కుట్టకూడదు. నడిమిన, చేప పడే సంచి కాడ కుట్టాల."

"నడిమినే కుట్టిస్తా."

వెంకయ్య మేనమామ వచ్చి తాడు కోశాడు. చేప తోక సగం అరిగి ఉంది. పేరమ్మ దాన్ని చూసింది, ఎలిశబెతమ్మ కూడా చూసింది. మర్నాడు మొదటి బస్సుకే పేరమ్మ మనవణ్ణి చంకనేసుకుని ఆస్పత్రికి వచ్చింది. ఆ సూదిమందే వాడికీ పడింది. వానలు మొదలయ్యేనాటికి వాడు ఇసకలో ఎండ్రకాయలను తరుముతున్నాడు. మిగతా పిల్లల్లో కడుపునొప్పి ఉన్నవాళ్లను కూడా పేరమ్మే గొంతు చించుకుని ఆస్పత్రికి తోలింది. ఆ పనికి ఆమె గొంతు కంటే మంచి దండోరా లేదు.

అన్ని చేపలూ వచ్చాయని చెప్పడానికి లేదు. తిరణాళ్లలో ముక్కూ మొహం తెలియని జనానికి అమ్మినవి ఎక్కడికి పోయాయో ఎవరికీ తెలియదు. ఎలిశబెతమ్మ తర్వాత చాలా ఏళ్లు, బస్సులో ఎవరి బిడ్డ నోట్లో ఏ తళుకు కనిపించినా వంగి చూసేది. బిడ్డల తల్లులు ఆమెను దిష్టి పెట్టే మనిషని జరిగి కూర్చునేవాళ్లు.

గంప మానలేదు. అరవైల్లో ప్లాస్టిక్ పూసలు వచ్చాయి, రంగురంగుల గిలక్కాయలు మద్రాసు నుంచి దిగాయి. కొత్త సరుకు ఏదొచ్చినా ముందు లేడీ డాక్టరు బల్ల మీద కుప్ప పోసి, "ఇది నమలొచ్చా డాక్టరమ్మా?" అని అడిగేది.

"నమలకూడదు. ఏదీ నమలకూడదు. ఇవి ఆటవస్తువులు, అప్పడాలు కావు" అని డాక్టరు విసుక్కునేది.

"పెద్దోళ్లకి చెప్పండమ్మా ఆ మాట. పిల్లోళ్లు వినరు."

చిన్నపోలయ్య కొత్త వల మొదటి లాగుడుకే నిండుగా పడింది. చేటలు పంచడంలోనే అది చాలా మటుకు అయిపోయింది. పేరమ్మ రెండు చేటలు తీసుకుంది. పాళెం ఆ తర్వాత పిల్లలకు సీసం కట్టడం మానేసింది. బిడ్డ పుడితే పేరు చెప్పి అలివి వలకు ఒక గుండు కుట్టిస్తే చాలునన్నది కొత్త ఆచారం. ఆ గుళ్లు సమాధానమే పోస్తాడు, వాటికి డబ్బు అప్పటికప్పుడే చేతిలో పెడతారు. బరువు దించిన రోజున చేపలన్నీ కరిగించి గుళ్లు పోసినందుకు మాట్లాడుకున్న పోతకూలి ఆరు రూపాయల పావలా మాత్రం చిన్నపోలయ్య ఇంకా ఇవ్వాలి.